కంటి కింద గుంటలు, పీక్కుపోయిన బుగ్గలు: సూదితో నింపించుకునే ముందు, ఆ తర్వాత ఏం చేయాలి

మన సీమలో చాలా రోజులకు కలిసిన చుట్టం క్షేమం అడిగే తీరు ముఖం మీదుగానే సాగుతుంది: “ఏమ్మా, మొగం ఇట్ల పీక్కుపోయింది, ఒంట్లో బాగలేదా?” ఒంట్లో బాగానే ఉండి, తిండికీ నిద్రకూ లోటు లేకపోయినా, నలభై దాటిన తర్వాత ఈ ప్రశ్న పదేపదే వినవలసి వస్తోందంటే ముఖంలోని నిండుతనం తగ్గుతోందని అర్థం. కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో ఇప్పుడు చర్మ వైద్యశాలల బోర్డుల మీద ఫిల్లర్లు (గుంటను నింపే సూది మందులు), పీఆర్‌పీ (సొంత రక్తంలోంచి తీసిన భాగాన్ని చర్మంలోకి ఎక్కించడం) అనే మాటలు మొటిమలు, జుట్టు రాలడం పక్కనే కనిపిస్తున్నాయి కాబట్టి, కత్తి పెట్టకుండా ఈ లోటును సరిచేసుకోవచ్చునన్న సంగతి చాలామందికి తెలుసు. ఏ వరుసలో ముందుకు వెళ్లాలన్నది మాత్రం అంతమందికి తెలియదు. ఎక్కువ మంది ధర దగ్గర మొదలుపెడతారు. మొదలుపెట్టవలసింది అద్దం దగ్గర.

మొదట అద్దం ముందు నిలబడండి

ముఖం నిండుగా కనిపించడానికి చర్మం ఒక్కటే ఆధారం కాదు. చర్మం కింద కొవ్వు చిన్న చిన్న దిండ్లలా అరలు అరలుగా ఉంటుంది. వాటి అడుగున ఎముక ఉంటుంది. వయసుతో బుగ్గ లోపలి కొవ్వు దిండ్లు చిక్కిపోయి కిందికి జారుతాయి, కంటి గూటి అంచు ఎముక కొంత అరిగి గూడు వెడల్పవుతుంది, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఏటా కొంచెం కొంచెంగా తగ్గుతూ పోతుంది. ఈ మూడూ కలిసి ముక్కు పక్క నుంచి బుగ్గ మీదికి ఏటవాలుగా ఒక గాడి పడుతుంది. అందరూ కంటి కింద గుంట అనేది దీన్నే. కనురెప్ప చర్మం సుమారు అర మిల్లీమీటరు మందమే ఉంటుంది కాబట్టి, మిగతా ముఖంలో దాగిపోయే మార్పు కూడా అక్కడ ఇట్టే బయటపడుతుంది.

అయితే కంటి కింద నల్లగా కనిపించేదంతా గుంట కాదు. గుంట వల్ల పడే నీడ, చర్మంలోని నల్లని రంగు, పలుచని చర్మం గుండా కనిపించే రక్తనాళాల ఛాయ, ముందుకు ఉబికిన కొవ్వు సంచి, నీరు పట్టిన వాపు అనే ఐదూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి, కానీ ఒకదానికి చేసే చికిత్స ఇంకొకదానికి పనికిరాదు. వీటిని విడదీయడానికి మీకు ఒక చేతి అద్దం ఉంటే చాలు.

ముందుగా నడినెత్తిన ట్యూబ్‌లైటు ఉన్నచోట నిలబడి కంటి కింద ఎంత నల్లగా ఉందో చూసుకోండి. తర్వాత అద్దం పట్టుకొని కిటికీకి ఎదురుగా కూర్చొని, వెలుతురు నేరుగా ముఖం మీద పడేలా మళ్లీ చూడండి. నలుపు చాలావరకు మాయమైతే అది నీడ, అంటే గుంట. ఉన్నది ఉన్నట్టే ఉంటే చర్మంలోనే రంగు ఉంది. ఇప్పుడు వేలితో కింది రెప్ప చర్మాన్ని మెల్లగా పక్కకు లాగండి: రంగు చర్మంలో ఉంటే చర్మంతో పాటే జరుగుతుంది, రక్తనాళాల ఛాయ అయితే చర్మం పలుచబడి ఇంకా ఊదాగా తేలుతుంది. తల కదపకుండా చూపు పైకి పెట్టినప్పుడు కంటి కింద ఉబ్బు మరింత పొంగితే అది కొవ్వు సంచి. పొద్దున లేవగానే ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గేది నీటి వాపు. చివరగా కింది రెప్పను కొంచెం కిందికి లాగి వదలండి. అది వెంటనే వెనక్కి అతుక్కోకుండా నెమ్మదిగా చేరితే రెప్ప వదులైందని గుర్తు, అలాంటి చోట ఫిల్లరు వేయడం అంత మంచిది కాదు.

ఇరవై ఏళ్ల కిందటి పెళ్లి ఆల్బమో, పాత పాస్‌పోర్టు ఫొటోనో తీసి పక్కన పెట్టుకోండి. ఇరవై ఏళ్ల నాడు కూడా ఆ గాడి అక్కడే ఉంటే అది మీ ఇంటి పోలిక, వయసుతో వచ్చింది కాదు. దానికి చికిత్స చేయకూడదని కాదు గానీ, ‘మళ్లీ మునుపటిలా అవుతాను’ అన్న ఆశతో వెళ్లడంలో అర్థం లేదు, ఎందుకంటే మునుపు కూడా అలాగే ఉండేది.

ఇది జబ్బు కాదని తేల్చుకున్న తర్వాతే అందం సంగతి

నాలుగైదు నెలల్లో ముఖం గబగబా చిక్కిపోతే ఫిల్లరు గురించి కాదు, కారణం గురించి ఆలోచించాలి. అదుపు తప్పిన మధుమేహం, థైరాయిడ్ అతిగా పనిచేయడం, క్షయ, హెచ్‌ఐవీ వంటివి కొన్నిసార్లు ముఖంలోనే మొదట బయటపడతాయి. హిమోగ్లోబిన్ తగ్గి పాలిపోయిన ముఖంలో కంటి కింది నలుపు రెట్టింపుగా తేలుతుంది. సూది కంటే ముందు రక్త పరీక్ష అవసరమైన ఆడవాళ్లు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. రోజూ పొద్దున కళ్ల కింద వాపు, దానితో పాటు కాళ్ల వాపు ఉంటే మూత్రపిండాల పరీక్ష చేయించుకోవాలి.

ఇంకొకటి చాలామందికి తట్టదు. కంటి ఒత్తిడికి, అంటే గ్లాకోమాకు, వాడే లాటానోప్రోస్ట్, బైమాటోప్రోస్ట్ జాతి చుక్కల మందులు ఏళ్ల తరబడి వాడితే కంటి చుట్టూ ఉండే కొవ్వు తగ్గి కన్ను లోపలికి పోయినట్టు కనిపించవచ్చు. ఆ చుక్కలు ఒక కంటికే వేసుకుంటున్నవారిలో తేడా మరీ స్పష్టంగా తెలుస్తుంది. అలాగని మందు మీ అంతట మీరు ఆపకండి, చూపు పోతుంది. కంటి వైద్యుడికి చెప్పండి. చుక్కల సంగతి లేకుండానే ఒక్క కన్ను మాత్రమే లోపలికి పోతున్నట్టు అనిపించినా వెళ్లవలసింది కంటి వైద్యుడి దగ్గరికే.

బరువు తగ్గేవారికీ ఒక మాట. 2025లో మన దేశపు మార్కెట్లోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్ల వల్ల కానీ, కడుపు మాడ్చుకోవడం వల్ల కానీ కిలోలు వేగంగా దిగినప్పుడు ముఖంలో కొవ్వు కూడా దిగుతుంది. బరువు ఒకచోట నిలబడి కొన్ని నెలలు గడిచేదాకా ఆగండి. దిగుతూ ఉన్న ముఖాన్ని నింపడమంటే నీళ్లు తగ్గుతున్న చెరువుకు గట్టు కొలిచినట్టే.

సూది లేకుండా చేయగలిగినది ముందు చేయండి

ఈ భాగంలో చెప్పవలసింది తక్కువ. ఏ క్రీమూ గుంటను నింపదు. ఎంత ఖరీదైనదైనా, ఏ దేశపుదైనా నింపదు. అయితే ఉన్న కొల్లాజెన్ కరగకుండా కాపాడుకోవడానికి మన ఎండలో మొదటి మందు సన్‌స్క్రీనే. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గనిది, అతినీలలోహిత కిరణాల రెండు రకాలనూ ఆపేది తీసుకొని పొద్దున ఒకసారి, ఎండలో ఉంటే రెండు మూడు గంటలకొకసారి రాసుకోవాలి. వేరుశనగ చేలో పని చేసే మనిషికి ఇది ఆచరణలో కష్టమే, అలాంటప్పుడు కళ్లదాకా దించి కట్టిన కొంగూ వెడల్పాటి టోపీ ఆ పని చాలావరకు చేస్తాయి. పొగ, గుట్కా, జర్దా మానడం ఏ ఫిల్లరు కంటే ఎక్కువ కాలం నిలిచే చికిత్స. అలర్జీ వల్ల కళ్లు నలుపుకునే అలవాటుంటే ముందు అలర్జీకి మందు వాడాలి, నలిపిన కొద్దీ రెప్ప చర్మం నల్లబడుతుంది.

మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే ‘తెల్లబడే’ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అవి మొదట్లో ముఖానికి మెరుపు తెస్తాయి, నెలలు గడిచేసరికి చర్మాన్ని పలుచన చేసి రక్తనాళాలను బయటపెడతాయి. అలాంటి ట్యూబు ఇంట్లో ఉంటే దానిని చర్మ వైద్యుడికి చూపించి, ఎలా మానాలో అడిగి మానండి. ఒక్కసారిగా ఆపితే ముఖం ఎర్రబడి మండుతుంది.

ఏ చికిత్స దేనికి

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. మన వైపు ముఖానికి వేసే ప్రతి సూదినీ బొటాక్స్ అనేస్తారు. బొటాక్స్ కండరాన్ని మూడు నాలుగు నెలల పాటు సడలిస్తుంది. నవ్వినప్పుడు కంటి పక్కన పడే గీతలకు, నుదుటి ముడతలకు అది పనికివస్తుంది. అది దేన్నీ నింపదు. నింపేది ఫిల్లరు.

ఫిల్లర్లలో కంటి కిందికి ఆలోచించదగినది హయలురోనిక్ యాసిడ్ జెల్ ఒక్కటే. మన శరీరంలోనే ఉండే పదార్థాన్ని గట్టిపడేలా తయారు చేసి సిరంజీలో నింపుతారు; అమెరికా ఔషధ సంస్థ 2003లో మొదటిసారి దీన్ని అనుమతించింది. దీని గొప్ప అది నింపడంలో లేదు, వద్దనుకుంటే కరిగించగలగడంలో ఉంది. హయలురోనిడేజ్ అనే ఎంజైము ఇంజెక్షన్ ఇస్తే ఆ జెల్ కరిగిపోతుంది. కంటి కింద ఎముకను ఆనుకొని లోతుగా, ఒక్కో వైపు సాధారణంగా అర మిల్లీలీటరు లోపే వేస్తారు. ఫలితం తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుందని చెబుతారు గానీ, కంటి కింద కదలిక తక్కువ కాబట్టి కొందరిలో జెల్ అంతకంటే చాలా ఎక్కువ కాలం మిగిలి ఉండడం ఎంఆర్‌ఐలో కనిపించింది. ఏడాది కాగానే మళ్లీ వేయించుకోవాలన్న లెక్క తప్పేది ఇక్కడే.

జెల్ నీటిని పీల్చుకుంటుంది. అందుకే ముందే నీటి వాపు ఉన్న కంటికి వేస్తే వాపు పెరుగుతుంది. పైపైన వేస్తే పలుచని చర్మం గుండా నీలిగా కనిపిస్తుంది. దీన్ని టిండాల్ ప్రభావం అంటారు, ఎన్ని పౌడర్లు పూసినా దాగదు. కొవ్వు సంచి బాగా ఉబికిన కంటికి ఫిల్లరు వేసి గుంటను సంచితో సమానం చేయాలని చూస్తే కళ్ల కింద రెండు దిండ్లు పెట్టినట్టు అవుతుంది. అక్కడ దారి శస్త్రచికిత్సే, ఆ మాట నిజాయితీగా చెప్పే వైద్యుడిని నమ్మండి.

నేరుగా కంటి కింద కాకుండా ముందు బుగ్గకు ఆధారం కల్పించమని అనుభవం గల వైద్యులు చెబుతారు. బుగ్గ ఎముక మీద జారిన భాగాన్ని నిలబెడితే కంటి కింది గాడి దానంతట అదే కొంత పూడుతుంది, అక్కడ వేయవలసిన మోతాదు తగ్గుతుంది. పందిరి గుంజ ఒరిగినప్పుడు పైన తాటాకులు ఎన్ని కప్పినా పల్లం పోనట్టే ఇదీ. మీరు కంటి గురించి అడగడానికి వెళ్తే వైద్యుడు బుగ్గ గురించి మాట్లాడితే, ఖర్చు పెంచడానికే అని వెంటనే అనుకోకండి. ఎందుకో అడగండి, అద్దంలో చూపించమనండి.

కాల్షియం హైడ్రాక్సీఅపటైట్, పాలీ ఎల్ లాక్టిక్ యాసిడ్ అనే ఇంకో రెండు పదార్థాలున్నాయి. రెండోది నింపడం కంటే కొల్లాజెన్‌ను ప్రేరేపిస్తుంది. నెల కొంచెం అటూ ఇటూగా ఎడం ఇచ్చి మొత్తం రెండు మూడు సార్లు వేయాలి, ఫలితం నెమ్మదిగా వచ్చి రెండేళ్ల దాకా ఉంటుంది. బాగా చిక్కిన బుగ్గలకూ కణతలకూ ఇవి మంచివే. కంటి కింద మాత్రం వద్దు: గడ్డలు కడతాయి, కరిగించే మందు లేదు. ద్రవ సిలికాన్ అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి.

పీఆర్‌పీ అంటే మీ రక్తమే పది ఇరవై మిల్లీలీటర్లు తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరు చేసి చర్మంలోకి ఎక్కించడం. నెలకొకటి చొప్పున మూడు సార్లయినా చేస్తారు. చర్మం కాస్త బిగువుగా, నలుపు కాస్త తగ్గినట్టుగా చాలామందికి అనిపిస్తుంది. లోతైన గుంట మాత్రం పూడదు. సొంత రక్తం కాబట్టి అలర్జీ భయం తక్కువ, సూదీ గొట్టమూ కొత్తవేనా, మీ రక్తం మీ కళ్లముందే పేరు రాసి తిప్పారా అన్నది మాత్రం చూసుకోవాలి. గుంట చిన్నది, భయం పెద్దది అయినవారు ఇక్కడ మొదలుపెట్టడం నాకు తప్పనిపించదు.

వేడితో బిగించే యంత్రాలు, అంటే రేడియో తరంగాలవీ అల్ట్రాసౌండ్‌వీ, ముఖం నిండుగా ఉండి జారినవారికి. ముందే చిక్కిన ముఖంలో అవి మిగిలిన కొవ్వును కూడా కరిగించవచ్చు. మన ఛాయకు కాలిన చోట నల్ల మచ్చలు పడే గుణం కూడా ఎక్కువ.

ఎవరి దగ్గర, ఎంత దూరంలో

ఫిల్లరు వేసేవారు ఎండీ డీవీఎల్ లేదా తత్సమానమైన చర్మవ్యాధుల పట్టా, లేదంటే ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ పట్టా ఉన్నవారై ఉండాలి. చీటీ మీద మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు రాయడం వైద్యుడి బాధ్యత. దానిని నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టరులో పేరుతో సహా వెతికి చూసుకోవచ్చు. యూట్యూబ్ చూసి, వర్క్‌షాపుల్లో కూర్చొని నేర్చుకున్నది ఇలాంటి చికిత్సలకు చాలినంత శిక్షణ కాదని ఆ సంస్థే 2022లో స్పష్టం చేసింది. బ్యూటీ పార్లరులో, ‘సూది లేని పెన్ను’తో ఫిల్లరు కొట్టేవారి దగ్గరికి అసలు వెళ్లవద్దు, ఆ పెన్నుల గురించి అమెరికా ఔషధ సంస్థ 2021లోనే హెచ్చరించింది.

దూరం సంగతి మన మూడు పట్టణాలకూ ప్రత్యేకం. కర్నూలు నుంచి హైదరాబాదు, అనంతపురం నుంచి బెంగళూరు రెండూ 44వ జాతీయ రహదారి మీద రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. కడప వారికి తిరుపతి నూట నలభై. పెద్ద నగరంలో అనుభవం ఎక్కువన్నది నిజమే, కానీ పొద్దున వెళ్లి సూది వేయించుకొని రాత్రికి ఇల్లు చేరితే, తేడా కనిపించే గంటల్లో మీరు బస్సులో ఉంటారు. మా బంధువొకామె అనంతపురం నుంచి అలాగే వెళ్లి, తిరుగు దారిలో పెనుకొండ దాటాక బుగ్గ మీద విపరీతమైన నొప్పి అని ఫోన్ చేసింది. అవతల ఫోన్ ఎత్తింది రిసెప్షన్ అమ్మాయి, ‘ఐసు పెట్టుకోండి’ అని చెప్పి పెట్టేసింది. అదృష్టవశాత్తు అది కమిలిన నొప్పే అయింది. నగరంలో చేయించుకునేవారు ఆ రాత్రి, వీలైతే మర్నాడు కూడా అక్కడే చుట్టాల ఇంట్లోనో లాడ్జిలోనో ఉండండి. సొంత ఊళ్లోనే చేయించుకునేటట్టయితే, సమర్థుడైన వైద్యుడు దొరికినంత వరకూ దగ్గరితనం పెద్ద బలం.

మొదటి సారి కలిసినప్పుడే నాలుగు సంగతులు అడగండి: హయలురోనిడేజ్ ఇప్పుడు, ఈ గదిలో, ఎన్ని వయల్స్ (చిన్న సీసాలు) ఉంది? కంటి కింద ఫిల్లరు ఏడాదిగా ఎంతమందికి వేశారు? రాత్రి సమస్య వస్తే నేరుగా ఎవరి ఫోన్ నంబరు? మా రకం కంటికి వద్దని చెప్పే సందర్భం ఏది? మొదటి ప్రశ్నకు తడబడితే ఆ చోట ఇక మాట్లాడవలసింది లేదు. చివరి ప్రశ్నకు ‘అందరికీ వేయవచ్చు’ అని జవాబొస్తే కూడా అంతే.

ఖర్చు సిరంజీ లెక్కన ఉంటుంది. అందం కోసం చేసే చికిత్సకు వైద్య సేవలకున్న పన్ను మినహాయింపు లేదు, 18 శాతం జీఎస్టీ పడుతుంది. అంటే 20,000 చెప్పినచోట 23,600 అవుతుంది. ఆరోగ్య బీమా వర్తించదు. ‘ఒక సిరంజీ ఇద్దరు స్నేహితురాళ్లు పంచుకోండి, మిగిలింది ఫ్రిజ్‌లో దాస్తాం’ అన్న తగ్గింపు ఎక్కడ వినిపించినా ఒప్పుకోకండి. తెరిచిన సిరంజీ ఒక్క మనిషిదే, అదీ ఆ పూటకే.

ముందు రెండు వారాలు

పెళ్లి ఉంటే లెక్క వెనక నుంచి వేసుకోవాలి. మాఘమాసంలో ముహూర్తమైతే పుష్యం మొదట్లోనే పని ముగియాలి. కమిలిన మచ్చ తగ్గడానికి పది రోజులు, వాపు కుదురుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఏదైనా సరిచేయడానికి ఇంకో రెండు వారాలు పడతాయి. నలుగు పెట్టి ముఖం రుద్దే రోజుకూ ఫిల్లరుకూ మధ్య కనీసం మూడు వారాలు ఎడం ఉండాలి. పెద్దవాళ్లకు కారణం చెప్పడం ఇబ్బందైతే నలుగు చేతులకు, కాళ్లకు పరిమితం చేయమనండి.

ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు, చేపనూనె, విటమిన్ ఇ గుళికలు ఒక వారం ముందు ఆపితే కమలడం తగ్గుతుంది. గుండెకోసం వాడే ఆస్పిరిన్, రక్తం పలుచబరిచే మందులు మాత్రం గుండె వైద్యుడు ఒప్పుకోనిదే ఆపకూడదు. కమిలిన మచ్చ పదిరోజుల్లో పోతుంది, గుండెపోటు అలా పోదు. పంటి పని, పన్ను పీకించడం వంటివి సూదికి ముందూ తర్వాతా రెండేసి వారాలు పెట్టుకోకండి. పెదవి మీద నీటి పొక్కులు లేచే అలవాటు, మత్తు మందుకు అలర్జీ, తేనెటీగ కుట్టి ఊపిరాడక ఆసుపత్రికి వెళ్లిన సంఘటన, శరీరం తన మీద తానే దాడి చేసుకునే లూపస్ వంటి జబ్బులు, ముఖానికి మునుపు వేయించుకున్న ఏ సూది అయినా దాచకుండా చెప్పండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ముఖం మీద చీము పొక్కులున్నవారు ఇప్పుడు వేయించుకోకూడదు.

ఆ రోజు

తిని వెళ్లండి, తోడు ఒకరిని తీసుకెళ్లండి. మేకప్ లేకుండా, ఒకే వెలుతురులో ఎదురుగానూ రెండు పక్కలనూ ఫొటోలు తీయించండి. ఒక కాపీ మీ ఫోన్లో ఉండాలి. చూపులో ముందే ఏదైనా లోపముంటే రాయించండి.

పెట్టెను మీ ముందే విప్పించండి. గడువు తేదీ, బ్యాచ్ నంబరు, దిగుమతి లైసెన్సు వివరాలు ఉన్న చీటీ పెట్టె మీద ఉండాలి. ఫిల్లరు మన దేశంలో వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తుంది. సిరంజీతో వచ్చే అంటించే చీటీలలో ఒకటి మీ ఫైలులోకి, ఒకటి మీ చేతికి రావాలి. రెండేళ్ల తర్వాత గడ్డ కడితే లోపల ఉన్నదేమిటో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

మత్తు క్రీము రాసి అరగంట ఆగి, చర్మాన్ని శుభ్రం చేసి, మిమ్మల్ని కూర్చోబెట్టే గుర్తులు పెడతారు. పడుకుంటే గుంట ఆకారం మారిపోతుంది. కంటి కింద చాలామంది మొన మొద్దుగా ఉండే కాన్యులా అనే సన్నని గొట్టం వాడతారు, రక్తనాళాన్ని పొడిచే అవకాశం దానితో కొంత తగ్గుతుంది. ఒత్తిడి, గరగరమన్నట్టు ఒక అనుభూతి ఉంటాయి. భరించలేని నొప్పి గానీ, కంటి ముందు మెరుపు గానీ కలిగితే అదే క్షణంలో చెప్పండి, మొహమాటపడకండి. మొదటిసారి కొంచెం తక్కువే వేయమని అడగండి. నెల తర్వాత కలపడం సులభం.

ఆ తర్వాత

మొదటి రోజు వంటింటి సెగకు, ఎండకు, మద్యానికి, వ్యాయామానికి దూరంగా ఉండండి. కర్నూలులో మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటి నడినెత్తిన ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. గుడ్డలో చుట్టిన చల్లని పట్టీ నొక్కకుండా ఆనించవచ్చు. రెండు మూడు రాత్రులు తల కింద రెండు దిండ్లు పెట్టుకొని వెల్లకిలా పడుకోండి. బుగ్గలను బిగించే హెల్మెట్ పెట్టుకోవలసి వస్తుంది కాబట్టి తిరుగు ప్రయాణం బండి మీద వద్దు; బరువైన కళ్లజోడు బుగ్గ మీద ఆనేలా పెట్టుకోవద్దు. తలంటు, ఫేషియల్, ఆవిరి పట్టడం రెండు వారాలు మానండి. చేతికి చిన్న గడ్డలా తగిలితే ఒత్తి సరిచేయాలనిపిస్తుంది. వైద్యుడు చెప్పనిదే ముట్టుకోకండి. పాలీ ఎల్ లాక్టిక్ యాసిడ్ వేయించుకున్నవారికి మాత్రం రోజుకు ఐదు సార్లు, ఐదేసి నిమిషాలు, ఐదు రోజులు మర్దన చేసుకోమంటారు; ఆ సలహా విని హయలురోనిక్ ఫిల్లరు వేయించుకున్నవారు రుద్దుకోకూడదు.

వెంటనే కదలవలసిన సూచనలు

జెల్ రక్తనాళంలోకి పోవడం, లేదా దాన్ని బయటినుంచి నొక్కడం అరుదు, కానీ జరిగితే గంటల లెక్క. వేసినచోటు నుంచి దూరంగా పాకే తీవ్రమైన నొప్పి, చర్మం తెల్లబడడం, వల అల్లినట్టు ఊదా గీతలు పడడం, ఆ చోటు చల్లబడడం దీనికి గుర్తులు. మన ఛాయలో తెల్లబడడం కళ్లకు అంత తేలిగ్గా దొరకదు కాబట్టి వేలితో నొక్కి వదిలి, రంగు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతోందో రెండో బుగ్గతో పోల్చండి. రెండు మూడు సెకన్లు దాటితే ఇక ఆలోచించవద్దు. అలాంటప్పుడు ఐసు పెట్టకూడదు, అది నాళాన్ని ఇంకా ముడుస్తుంది. వైద్యుడికి ఫోన్ చేస్తూనే బయలుదేరండి. హయలురోనిడేజ్ ఎక్కువ మోతాదులో, అవసరమైతే గంటకొకసారి ఇవ్వవలసి ఉంటుంది.

చూపు మసకబారినా, రెప్ప వాలినా, కన్ను కదలకపోయినా, తలపోటుతో వాంతి వచ్చినా ఎదురుచూసే సమయం గంటన్నర కూడా ఉండదు. 108కి ఫోన్ చేసి, కంటి వైద్యుడు ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో కంటి విభాగాలున్నాయి. ఫిల్లరు వేయించుకున్నానని మొదటి వాక్యంలోనే చెప్పండి, అంటించే చీటీ చూపించండి. ఇంట్లో తెలియకుండా చేయించుకున్నామన్న సిగ్గుతో చెప్పకుండా ఆగేవారే ఎక్కువ నష్టపోతారు. తోడు ఉండాలని అన్నది అందుకు కూడా.

రోజుల తర్వాత ఎర్రగా, వేడిగా, నొప్పిగా ఉబ్బితే అది చీము పట్టడం కావచ్చు. నెలల తర్వాత జ్వరమో, పంటి చీమో వచ్చిన వెంట పాత ఫిల్లరు ఉన్నచోట గడ్డలు లేవవచ్చు. రెండింటికీ మందులున్నాయి, వైద్యుడు చూడాలి.

నెల తర్వాత, ఏడాది తర్వాత

నాలుగో వారంలో అదే కిటికీ ముందు, అదే వెలుతురులో ఫొటో తీసి మొదటిదానితో పోల్చండి. గాడి సగానికి పైగా పూడితే అక్కడ ఆగండి. పూర్తిగా చదును చేయాలని ఇంకొంచెం, ఇంకొంచెం అని కలిపిన ముఖాలే నవ్వినప్పుడు కళ్ల కింద ఉబ్బి వింతగా కనిపిస్తాయి. ఉబ్బో, నీలి ఛాయో వదలకపోతే కరిగించమని అడగడానికి వెనకాడకండి; కరిగించిన తర్వాత రెండు వారాలు ఆగి మళ్లీ చూసుకోవచ్చు, లేదా అక్కడితో వదిలేయవచ్చు. ఏడాదికి వైద్యశాల నుంచి ‘మళ్లీ వేయించుకునే సమయమైంది’ అని మెసేజ్ వచ్చినప్పుడు ఆ తేదీని కాక మీ మూడు ఫొటోలను చూడండి: ముందుది, నెలది, ఇప్పటిది. ఇప్పటిది నెలదానికే దగ్గరగా ఉంటే జెల్ ఇంకా లోపల ఉంది, ఆ ఏడాదికి సూది అక్కర్లేదు.